గోడకు తగిలించకుండా, జరుపుకునే వీలున్న సైకిల్ ర్యాక్: నాది ఎందుకు పడిపోయింది?

పెడల్‌బాట

అందరికీ నమస్తే. సైకిళ్లు పెట్టుకోవడానికి నేను చేసిన ర్యాక్ నిన్న పడిపోయింది. ఎందుకు పడిందో అర్థం కావడం లేదు, అందుకే రాస్తున్నా.

మా ఇంట్లో నాలుగు సైకిళ్లు. నాదీ మా ఆవిడదీ హైబ్రిడ్‌లు, ఒక్కోటి దాదాపు 14 కిలోలు. పాపది 20 అంగుళాల చక్రాలది, బాబుది 16. ఇన్నాళ్లూ ఒకదానికొకటి ఆనించి పెట్టేవాళ్లం. ఒకటి తీయాలంటే మిగతా మూడూ తీయాల్సిందే, ఒకదాని పెడల్ వెళ్లి ఇంకోదాని స్పోకుల్లో దూరేది. ఉండేది అద్దె ఇంట్లో, గోడకు డ్రిల్ వేసే వీల్లేదు. పైగా నేల కడిగినప్పుడల్లా అక్కడి నుంచి జరపాలి. అందుకని గోడతో పని లేకుండా తనంతట తాను నిలబడేది, కింద చక్రాలున్నది చేద్దామనుకున్నా.

చెక్కతో చేశా. మధ్యలో నిలువు స్తంభం, కింద హెచ్ ఆకారంలో పీఠం, నాలుగు మూలలా తిరిగే చక్రాలు, పైన రెండు కొక్కేలు. పెద్ద సైకిళ్లు రెండూ ముందు చక్రంతో కొక్కేనికి నిలువుగా వేలాడతాయి, రెండూ ఒకే వైపు. వారం రోజులు నిక్షేపంగా ఉంది. నిన్న నేల తుడుద్దామని వెనక నుంచి ముందుకు తోశా. జానెడు కదిలిందో లేదో సైకిళ్ల వైపుకే ఒరిగి మొత్తం కింద పడింది. పాప రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. దానికేం కాలేదు గానీ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

నేను గట్టిగా తోయలేదు. దారిలో గడప లేదు, గచ్చు చదునుగానే ఉంది. వారం నిలబడింది జానెడు కదిపితే ఎందుకు పడింది?

గ్రీజుచేతులు

ముందు పాపకు ఏమీ కానందుకు సంతోషం.

ర్యాక్ సంగతి మిగతావాళ్లు చెబుతారు, నేను సైకిల్ సంగతి చెబుతా. కుడివైపు మీద పడిన సైకిల్ ఉంటే దాన్ని ఇప్పుడే తొక్కకండి. వెనక గేర్లు మార్చే డెరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క ఉంటుంది, హ్యాంగర్ అంటారు. పడినప్పుడు వంగేది అదే. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది, కానీ అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీదికి చైను వేసినప్పుడు డెరైలర్ లోపలికి వెళ్లి స్పోకుల్లో చిక్కుకుంటుంది. వెనక నుంచి చూసి, డెరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ పై పళ్లచక్రంతో ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడండి. హ్యాండిల్ కూడా ముందు చక్రానికి అడ్డంగా సరిగ్గా ఉందా లేదా చూసుకోండి.

వెల్డింగ్‌బాబాయ్

కొలతలు లేకుండా కారణం చెప్పలేం. మూడు కావాలి. స్తంభం నుంచి ముందు చక్రాల దాకా ఎంత? స్తంభం నుంచి వెనక చక్రాల దాకా ఎంత? ఖాళీ ర్యాక్ బరువెంత?

పెడల్‌బాట

ముందుకు 30 సెం.మీ., వెనక్కి 30 సెం.మీ. ఖాళీ ర్యాక్‌ను ఎత్తుకుని తూకం మీద నిలబడి నా బరువు తీసేస్తే 17 కిలోలు వచ్చింది. ఎత్తు 190.

గ్రీజుచేతులు గారూ, మీరు చెప్పినట్టే మా ఆవిడ సైకిల్ హ్యాంగర్ లోపలికి వంగి ఉంది. చెప్పకపోతే చూసేవాణ్ని కాదు. చాలా థ్యాంక్స్ అండి.

వెల్డింగ్‌బాబాయ్

కారణం దొరికింది. కొంచెం ఓపిగ్గా చదువు తమ్ముడూ, లెక్క చిన్నదే.

నిలువుగా వేలాడే సైకిల్ బరువంతా కొక్కెం దగ్గర ఉంటుందని అనుకుంటాం. ఉండదు. టైర్లు స్తంభం వైపు ఉంటే ఫ్రేము, సీటు, హ్యాండిల్ అన్నీ బయటి వైపు ఉంటాయి. సైకిల్ నేల మీద నిలబడినప్పుడు దాని గురుత్వ కేంద్రం నేల నుంచి సుమారు అర మీటరు ఎత్తులో ఉంటుంది. దాన్నే నిలువుగా తిప్పి పెడితే ఆ ఎత్తంతా స్తంభం నుంచి దూరంగా మారుతుంది. టైర్లు స్తంభానికి కొద్దిగా పక్కకు కూర్చుంటాయి కాబట్టి నీ లెక్కకు 45 సెం.మీ. అనుకుందాం.

నీ ముందు చక్రాలు 30 సెం.మీ. దగ్గరే ఉన్నాయి. అంటే 28 కిలోల సైకిళ్లు ఆధారం దాటి 15 సెం.మీ. బయట వేలాడుతున్నాయి. 28ని 15తో గుణిస్తే 420. ముందుకు పడేసే బలం అది. పడకుండా ఆపేది ర్యాక్ సొంత బరువు ఒక్కటే. 17 కిలోలు, ముందు చక్రాలకు 30 సెం.మీ. వెనక. గుణిస్తే 510. అంటే 420కి ఎదురు 510. అందుకే వారం నిలబడింది. మిగిలింది 90. ఆ 90ని 150 సెం.మీ. ఎత్తుతో భాగిస్తే 0.6. ఆ ఎత్తులో అరకిలో బలంతో లాగితే చాలు ఒరిగిపోతుంది. ఈ వారంలో ఎవరూ దాన్ని తాకకపోవడం మీ అదృష్టం.

ఇప్పుడు అసలు విషయం. తిరిగే చక్రం బోల్టు ఉన్న చోట నేలను తాకదు, దానికి కొంచెం పక్కన తాకుతుంది. చిన్న చక్రాలకు కూడా ఆ తేడా దాదాపు 3 సెం.మీ. ఉంటుంది. ఏ వైపు తోస్తే దానికి వ్యతిరేక దిక్కుకు చక్రం తిరిగి వెనకపడుతుంది. నువ్వు ముందుకు తోశావు, ముందు చక్రాలు రెండూ వెనక్కి తిరిగాయి. పీఠం కొలత మారలేదు గానీ నేల మీద ఆధారం 30 నుంచి 27కి తగ్గింది. ఇప్పుడు లెక్క చూడు: 28ని 18తో గుణిస్తే 504, 17ని 27తో గుణిస్తే 459. ఒరగదోసేదే ఎక్కువైంది. నువ్వు ఎంత మెల్లగా తోసినా పడేదే.

పెడల్‌బాట

బాబాయ్, ఇది రెండుసార్లు చదివి, ఖాళీ పీఠాన్ని ముందుకు తోసి చక్రాలు ఎటు తిరిగాయో కూర్చుని చూశా. అచ్చం మీరు చెప్పినట్టే. మూడు సెంటీమీటర్లు. దానికే పాప మీద పడబోయింది.

సరే, మళ్లీ చేస్తా. కానీ ఈసారి మొదటి నుంచి సరిగ్గా చేయాలి. బరువు పెంచాలా? కింద ఇసుక సంచులు పెడితే?

వెల్డింగ్‌బాబాయ్

ఇసుక వద్దు. బరువు పెంచితే జరపడం కష్టం, జరపడానికే కదా చక్రాలు పెట్టింది. ఆధారాన్ని ముందుకు చాపు. సైకిల్ బరువు 45 దగ్గర పడుతోంది కాబట్టి ముందు చక్రాలు 65 దగ్గర పెట్టు. అప్పుడు సైకిళ్లు ఆధారం లోపలే ఉంటాయి, పడేయడానికి బదులు అవే ర్యాక్‌ను కింద పట్టి ఉంచుతాయి. కొత్త ర్యాక్ 20 కిలోలు, దాని బరువు స్తంభానికి 10 సెం.మీ. ముందు పడుతుందనుకుంటే: 28ని 20తో, 20ని 55తో గుణించి కలిపితే 1660. చక్రాలు లోపలికి తిరిగినా 1516 మిగులుతుంది. మనిషి చెయ్యి పడే ఎత్తులో లాగి పడేయాలంటే 10 కిలోల బలం కావాలి. అరకిలో ఎక్కడ, 10 కిలోలు ఎక్కడ. పెరిగింది మూడే కిలోలు.

రంపంపొట్టు

నేను చెక్కపని చేస్తాను. బాబాయ్ లెక్క సరైనదే, అయితే పీఠం ముందుకు చాపితే ఇంకో ఇబ్బంది వస్తుంది. స్తంభం పీఠానికి కలిసే చోట కీలు మీద భారమంతా పడుతుంది. 190 సెం.మీ. కర్ర పైకొనను పట్టుకుని ఊపితే కింద కీలు దగ్గర ఎంత పెద్ద గునపం వేసి లేపినట్టో ఊహించుకోండి.

మీరు స్తంభాన్ని పీఠానికి ఎలా బిగించారు? కింద నుంచి కర్ర చివర్లోకి స్క్రూలు దింపి ఉంటే అది పనికిరాదు. కర్ర కొసలో పీచు నిలువుగా ఉంటుంది, స్క్రూ దాన్ని చీల్చుకుంటూ దిగుతుంది గానీ పట్టుకోదు. నెల రోజులు ఊగాక వదులవుతుంది. స్తంభాన్ని రెండు పీఠపు కర్రల మధ్యలో పెట్టి ఆరపార రంధ్రం వేసి 8 మి.మీ. బోల్టులు రెండు, రెండు వైపులా వెడల్పు వాషర్లు వేసి బిగించండి. ఒక్క బోల్టు వేస్తే దాని చుట్టూ తిరుగుతుంది, అందుకే రెండు, అదీ ఒకదానికొకటి ఏటవాలుగా.

ఆ తర్వాత ఏటవాలు కర్రలు. నాలుగు కర్రల చట్రం ఎంత గట్టిగా బిగించినా పక్కకు తోస్తే వాలిపోతుంది, మూలకు ఒక ఏటవాలు కర్ర పడిందంటే కదలదు, త్రిభుజానికి ఉన్న గుణం అది. ముందుకు ఒకటి, పక్కలకు రెండు. పక్కల్లో చోటు లేకపోతే 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు త్రికోణంగా కోసి మూలల్లో జిగురుపెట్టి స్క్రూ చేసినా అదే పని చేస్తాయి.

ఇద్దరిఅమ్మ

అందరూ లెక్కలు చెబుతున్నారు, మంచిదే. నేనొకటి అడుగుతా, ఏమనుకోకండి. 10 కిలోల బలం అన్నారు. బాబు 16 అంగుళాల సైకిల్ తొక్కుతున్నాడంటే బాబు బరువే 18, 20 కిలోలు ఉంటుంది. వాడు సీటు పట్టుకుని వేలాడితే? మా ఇంట్లో పుస్తకాల అర మెట్లలా కనిపించి మా చిన్నది ఎక్కేసింది, అందుకే అడుగుతున్నా. పిల్లలున్న ఇంట్లో ఎత్తైన ర్యాక్ ఎందుకసలు? నాలుగింటినీ నేల మీదే వరసగా నిలబెట్టేది చేయొచ్చు కదా.

వెల్డింగ్‌బాబాయ్

అమ్మా, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఆ మాట నేనే ముందు అనాల్సింది. 10 కిలోలు అంటే పెద్దవాళ్ల చెయ్యి తగిలితే, చీపురు తగిలితే పడదు అని. పిల్లాడు ఎక్కితే పడదు అని కాదు.

పెడల్‌బాట

అక్కా, నేల మీద వరస కూడా కొలిచి చూశా. పెద్ద సైకిల్ పొడవు 175 సెం.మీ., నా హ్యాండిల్ వెడల్పు 62. ఒకదాని తల ఇటు, ఒకదాని తల అటు పెట్టినా నాలుగింటికి 160 బై 180 పోతుంది. నాకున్న చోటు 150 బై 120. పట్టదు. పెద్దవి రెండూ నిలువుగా ఉంటేనే సరిపోతుంది.

ఇద్దరిఅమ్మ

అలాగైతే ఎక్కడానికి కాలు పెట్టే చోటు లేకుండా చేయండి. అడ్డకర్రలు మెట్లలా కనపడకూడదు. కింద నుంచి 120 సెం.మీ. దాకా అడ్డకర్రే ఉండకూడదు, ఏటవాలు కర్రలను ప్లైవుడ్‌తో మూసేయండి. పిల్లల సైకిళ్లు వాళ్లంతట వాళ్లు తీసుకునేలా వేరే వైపు, నేల మీద ఉండాలి. తమ సైకిల్ కోసం వాళ్లు పెద్ద సైకిళ్లను తాకే అవసరమే రాకూడదు. మా ఇంట్లో ఈ ఒక్క మార్పుతోనే గొడవ తగ్గింది.

రంపంపొట్టు

మూసేయడం మంచి ఆలోచన. ఆ ప్లైవుడ్డే పక్క ఊపును ఆపుతుంది, వేరే కర్రలు అక్కర్లేదు.

నీలిరంగుచైను

కర్ర, ఇనుము ఎందుకు అన్నా, పీవీసీ పైపులతో చేసేయొచ్చు. కోయడం తేలిక, బరువు ఉండదు, జిగురుతో అతికిస్తే అయిపోతుంది. నేను కాలేజీ ప్రాజెక్టుకు ఒక స్టాండు చేశా.

వెల్డింగ్‌బాబాయ్

పిల్లల సైకిల్‌ను నేల మీద నిలబెట్టే చిన్న స్టాండుకు పీవీసీ చాలు బాబూ, ఆ మాటకొస్తే బాగుంటుంది కూడా, టైరుకు గీతలు పడవు. కానీ బరువు వేలాడదీయడానికి కాదు. పీవీసీ మీద ఎప్పుడూ బరువు ఉంటే అది నెలల తరబడి మెల్లమెల్లగా వంగుతూనే ఉంటుంది, బరువు తీసినా పూర్తిగా వెనక్కి రాదు. ఎండ తగిలితే పెళుసెక్కుతుంది. మొదటి రోజు చూసి గట్టిగా ఉందనుకుంటాం.

ఇనుముతో చేసేవాళ్లకు చెబుతున్నా, 40 బై 40 స్క్వేర్ ట్యూబ్, 2 మి.మీ. మందం, మీటరుకు దాదాపు 2.4 కిలోలు. స్తంభానికీ పీఠానికీ కలిపి 6 మీటర్లు పడితే 14 కిలోలు దాటుతుంది. పీఠానికి ఇది వాడి, పైభాగానికి 25 బై 25, 1.5 మి.మీ. వాడితే మీటరుకు 1.1 కిలోలే. బరువు కిందే ఉంటుంది, మనకు కావాల్సింది అదే. తొందరపడి అంతా మందపాటి ట్యూబ్‌తో చేస్తే పైన బరువు పెరిగి మళ్లీ మొదటికే వస్తుంది.

చేతిమడతరెంచి

నాదొక ప్రశ్న. నా సైకిల్‌కు హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. నిలువుగా వేలాడదీస్తే బ్రేకులు పాడవుతాయంటారు, నిజమా? ఆ భయంతోనే నేను నిలువు ర్యాక్ జోలికి పోలేదు.

గ్రీజుచేతులు

పాడవవు. హ్యాండిల్ దగ్గర బ్రేకు పిడిలో చిన్న తొట్టి ఉంటుంది, అందులో నూనె ఉంటుంది. ఆ తొట్టిలో ఎక్కడైనా గాలి బుడగ ఉంటే, నిటారుగా ఉన్నప్పుడు అది పైనే ఉండిపోతుంది కాబట్టి మనకు తెలియదు. సైకిల్‌ను నిలువుగా గానీ తలకిందులుగా గానీ పెడితే ఆ బుడగ గొట్టంలోకి జారొచ్చు. అప్పుడు పిడి మెత్తగా, స్పాంజిలా అనిపిస్తుంది. సైకిల్ దించి కాసేపు నిటారుగా ఉంచి పిడిని పదిసార్లు నొక్కితే చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే లోపల గాలి ఉన్నట్టే, బ్లీడింగ్ చేయించాలి, అంటే నూనెలోని గాలిని తీయించాలి. అది ర్యాక్ తప్పు కాదు, ముందే ఉన్న గాలిని ర్యాక్ బయటపెట్టింది. ఏదేమైనా కొక్కెం నుంచి దించిన ప్రతిసారీ ఎక్కే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూడటం అలవాటు చేసుకోండి.

అసలు వేలాడదీయడం కంటే మెరుగైన పద్ధతి ఉంది. సైకిల్‌ను వెనక చక్రం మీద నిలబెట్టండి. బరువంతా పీఠం మీద చిన్న గాడిలో కూర్చుంటుంది, పైన కొక్కెం ముందు చక్రం పక్కకు పడకుండా పట్టుకుంటే చాలు. ఎత్తే పని కూడా తక్కువ. వెనక చక్రాన్ని గాడిలోకి తోసి, హ్యాండిల్ పట్టుకుని ముందు భాగం లేపితే దాదాపు సగం బరువే చేతికి వస్తుంది. 14 కిలోలను భుజం ఎత్తుకు లేపడానికీ దీనికీ చాలా తేడా. పెడల్‌బాట గారి ఆవిడ కూడా తన సైకిల్ తనే పెట్టుకోగలరు.

పెడల్‌బాట

ఇది నాకు తట్టనే లేదు! మొదటి ర్యాక్‌లో తన సైకిల్ ఎప్పుడూ నేనే ఎక్కించేవాణ్ని. ఆమె నేను వచ్చేదాకా ఆగేది, లేదా అసలు సైకిల్ తీసేదే కాదు. ఇది పక్కాగా పెడతా.

హ్యాండిళ్లు తగలకుండా ఎలా? రెండూ పక్కపక్కన 65 సెం.మీ. దూరంలో పెడితే పీఠం చాలా వెడల్పవుతుంది.

రంపంపొట్టు

ఒకదాని గాడి కింద 20 సెం.మీ. ఎత్తు దిమ్మ పెట్టండి. ఒక హ్యాండిల్ పైకి, ఒకటి కిందికి వెళ్తాయి. అప్పుడు రెండు గాళ్ల మధ్య 40 సెం.మీ. చాలు. తేలికైన సైకిల్ దిమ్మ మీద, బరువైంది కింద.

ఇంకో మాట, ఈ ర్యాక్ ఎప్పుడైనా తలుపు దాటాలా? దాటాలంటే ఇప్పుడే తలుపు లోపలి వెడల్పు కొలవండి. నేను ఒకసారి ఎంతో ఇష్టంగా చేసిన అల్మారా గదిలోంచి బయటికి రాక మళ్లీ విప్పాల్సి వచ్చింది.

పెడల్‌బాట

తలుపు 78. పీఠం వెడల్పు 70 పెట్టుకుంటా.

వెల్డింగ్‌బాబాయ్

70 చాలు, పక్కకు కూడా లెక్క చూశా. రెండు సైకిళ్లూ మధ్య నుంచి చెరో 20 సెం.మీ. దూరంలో ఉంటాయి. ఒకటి తీసేస్తే రెండోది ఒక్కవైపే బరువు వేస్తుంది. అయినా అంచుకు ఇంకా 15 సెం.మీ. లోపలే ఉంది. 20ని 35తో, 14ని 15తో గుణించి కలిపితే 910, అంటే 150 ఎత్తులో 6 కిలోల బలం. పర్వాలేదు, నిలుస్తుంది.

ఎప్పుడూ ఇలాగే చూడాలి తమ్ముడూ. అన్ని సైకిళ్లూ ఉన్నప్పుడు ఏ ర్యాకైనా నిలబడుతుంది. ఒక్కొక్కటీ తీసేస్తూ లెక్క వేయి. పిల్లల సైకిళ్లు వెనకవైపు పెట్టినా వాటి బరువును ఎదురుబరువుగా అస్సలు నమ్ముకోవద్దు. సాయంత్రం పిల్లలు వాటిని తీసుకుని ఆటకు పోతారు, సరిగ్గా అప్పుడే ర్యాక్ బలహీనపడుతుంది.

పెడల్‌బాట

అందుకే పిల్లల సైకిళ్ల బరువు ర్యాక్ మీద అసలు పడకుండా చేస్తున్నా. వాటి టైర్లు నేల మీదే ఉంటాయి, ముందు చక్రం మాత్రం గాడిలోకి దూరుతుంది. ర్యాక్ జరపాలంటే ముందు వాటిని తీసేయాలి, అంతే.

గాడి వెడల్పు ఎంత పెట్టాలి?

గ్రీజుచేతులు

టైరు వెడల్పు కొలిచి దానికి 6 నుంచి 8 మి.మీ. కలపండి. మరీ వదులుగా ఉంటే సైకిల్ వాలిపోతుంది, అప్పుడు రిమ్ము మీద పక్క నుంచి బరువు పడుతుంది. బయట కొన్ని చోట్ల కనిపించే స్టాండ్లు చక్రాన్ని కింద అరడుగు మేరే పట్టుకుంటాయి, సైకిల్ వాలితే చక్రం మెలిక పడేది అక్కడే. గాడి పట్టు కనీసం చక్రం ఎత్తులో సగం దాటి ఉండాలి. 20 అంగుళాల చక్రం నేల నుంచి దాదాపు 50 సెం.మీ. ఎత్తు, 16ది దాదాపు 40. కాబట్టి గాడి పక్క కర్రలు పాపదానికి 30, బాబుదానికి 25 సెం.మీ. ఎత్తు పెట్టండి.

పెద్ద సైకిళ్లకు డిస్కులుంటే జాగ్రత్త. డిస్కు ఎడమవైపు ఉంటుంది, గాడి పక్క కర్ర దానికి తగలకూడదు. డిస్కు కొంచెం వంగినా చక్రం తిరిగిన ప్రతిసారీ రాసుకుని చప్పుడు చేస్తుంది.

పెడల్‌బాట

పదహారు రోజులకు మళ్లీ వచ్చా. ర్యాక్ అయిపోయింది.

పీఠం ముందుకు 65, వెనక్కి 45, వెడల్పు 70. స్తంభాలు రెండు, 89 బై 38 మి.మీ. కర్రలు, రంపంపొట్టు గారు చెప్పినట్టు రెండేసి బోల్టులతో. పక్కలు ప్లైవుడ్‌తో మూసేశా, కాలు పెట్టే చోటు లేదు. బాబు రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాడు, పక్కనే నిలబడి చూశా. బరువు అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది, 23 కిలోలు.

బాబాయ్, వేలాడే తూకాన్ని 150 సెం.మీ. ఎత్తులో కట్టి, సైకిళ్లు రెండూ పెట్టి, చక్రాలు లోపలికి తిప్పి, మెల్లగా ముందుకు లాగాం. వెనక చక్రం లేవడానికి తొమ్మిదిన్నర కిలోలు పట్టింది! మా ఆవిడ తూకం చదువుతుంటే నేను లాగా, అవతలి వైపు మా తమ్ముడు పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వలేదు. మొదటిదాన్ని కూడా ఇలా ముందే లాగి చూసి ఉంటే ఆ రోజు అలా జరిగేది కాదు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. చక్రాలకు బ్రేకులు వేసినా, సైకిల్ పెట్టేటప్పుడు ర్యాక్ కొంచెం పక్కకు తిరుగుతోంది.

వెల్డింగ్‌బాబాయ్

తొమ్మిదిన్నర! చాలా సంతోషం తమ్ముడూ, కడుపు నిండిపోయింది.

తిరగడానికి కారణం బ్రేకే. మామూలు బ్రేకు చక్రం దొర్లడాన్నే ఆపుతుంది, చక్రం తన బోల్టు చుట్టూ తిరగడాన్ని ఆపదు. రెండూ ఆపే రకం చక్రాలుంటాయి, ముందు రెండూ అవి వేయి. కొనేటప్పుడు మోసే బరువు కూడా చూడు. మొత్తం బరువును నాలుగుతో కాదు, మూడుతో భాగించాలి, ఎందుకంటే గచ్చు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటే మూడు చక్రాలే నేలను తాకుతాయి. నీకు మొత్తం 51 కిలోలు, చక్రానికి 17. కుదుపులు కూడా ఉంటాయి కాబట్టి ఒక్కోటి 40 కిలోలు మోసేది తీసుకో. సైజు 75 మి.మీ. కంటే తగ్గొద్దు, చిన్న చక్రం గచ్చు సందులో ఆగితే పైభాగం ముందుకు ఊగుతుంది.

ఇంకోటి, బ్రేకు వేసే ముందు ర్యాక్‌ను నీ వైపుకు, అంటే వెనక్కి, ఒక జానెడు లాగు. ముందు చక్రాలు బయటికి తిరుగుతాయి. అప్పుడు బ్రేకు వేస్తే ఆ 3 సెం.మీ. నీకే కలిసొస్తాయి. జరిపేటప్పుడు కూడా తోయకు, వెనక నుంచి నడుము కంటే కింద పట్టుకుని లాగు.

చేతిమడతరెంచి

పెడల్‌బాట గారూ, కొక్కెం ఎత్తు ఎంత పెట్టారు? నేనూ ఇదే చేద్దామనుకుంటున్నా. మాది ఒకటి ఎలక్ట్రిక్ సైకిల్, 24 కిలోలు.

గ్రీజుచేతులు

24 కిలోలదాన్ని నిలువుగా పెట్టొద్దండి. బ్యాటరీ, మోటారు బరువుతో లేపేటప్పుడే చెయ్యి జారుతుంది. నేల మీద గాడిలో ఉంచండి, బ్యాటరీ తీసి వేరే చోట పెట్టుకోండి.

పెడల్‌బాట

అవునండి, అది నేల మీదే మంచిది. రెండో సైకిల్‌కైతే ఇలా చేయండి: వెనక చక్రం గాడిలో పెట్టి సైకిల్‌ను నిలబెట్టి, పైన ముందు చక్రం రిమ్ము లోపలి అంచు ఎంత ఎత్తుకు వచ్చిందో పెన్సిల్‌తో స్తంభం మీద గుర్తు పెట్టుకోండి. నాకు కింది సైకిల్‌కు 168, దిమ్మ మీదదానికి 188 వచ్చింది. ఆ గుర్తుకు పైన ఒకటి, కింద ఒకటి, 3 సెం.మీ. తేడాతో అదనపు రంధ్రాలు వేయండి. టైరు మార్చినా, సైకిల్ మార్చినా కొక్కెం జరుపుకోవచ్చు. కొక్కేనికి రబ్బరు తొడుగు ఉన్నది తీసుకోండి, లేకపోతే పాత ట్యూబ్ ముక్క చుట్టినా చాలు.

బాబాయ్, కొత్త చక్రాలు రేపు వస్తాయి. వేశాక మళ్లీ లాగి చూసి ఎన్ని కిలోలు వచ్చిందో ఇక్కడే రాస్తా.